డాలస్ కౌబాయ్స్ యాజమాన్యానికి ఫ్రిస్కో అభిమాని బహిరంగ లేఖ

ఫ్రిస్కో, టెక్సస్
2025 ఏప్రిల్ 20

డాలస్ కౌబాయ్స్ యజమాని, జనరల్ మేనేజర్ జెర్రీ జోన్స్ గారికి, స్టీఫెన్ జోన్స్ గారికి, ఆటగాళ్ళ ఎంపిక వ్యవహారాలు చూసే విల్ మెక్లే గారికి, ఈ జనవరిలో హెడ్ కోచ్ బాధ్యతలు తీసుకున్న బ్రయన్ షాటెన్‌హైమర్ గారికి,

నమస్కారం.

వచ్చే గురువారం, అంటే ఏప్రిల్ 24 రాత్రి, గ్రీన్ బే పట్టణంలో లాంబో ఫీల్డ్ దగ్గర వేసిన వేదిక మీద అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో మన జట్టు తరఫున 12వ పిక్‌ను, అంటే పన్నెండో వంతులో ఎంచుకున్న కాలేజీ ఆటగాణ్ని, ప్రకటిస్తారు. ఆ పేరు ఎవరిదై ఉండాలన్న విషయంలో ఈ ఊళ్ళో మంగలి షాపు నుంచి గుడి ప్రాంగణం దాకా ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంది, నాకూ ఉంది. ఆ పేరు దగ్గరికి తర్వాత వస్తాను. దానికంటే ముందు, ఆ పేరును మీరు ఎలాంటి స్థితిలో కూర్చుని ఎంచుకోబోతున్నారన్న దాని గురించి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

తెలుగులో రాసిన లేఖ మీకెలా చేరుతుందని నవ్వుకునేవాళ్ళు ఉంటారు. అర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ఊళ్ళలో ఏ ఆఫీసు తలుపు తట్టినా కంప్యూటర్ల వైపు ఒకరిద్దరు తెలుగువాళ్ళు కనబడతారు కనుక, మీ భవనంలోనూ ఎవరో ఒకరు చదివి చెప్పకపోరన్న ధైర్యం నాది. పైగా మనకు పాత ఇరుగుపొరుగు వరస ఉంది. నేను 2006లో నల్గొండ నుంచి వచ్చి అర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో ఒక అపార్ట్‌మెంటులో దిగినప్పుడు మీ కార్యాలయమూ సాధన మైదానమూ అక్కడే, కౌబాయ్స్ పార్క్‌వే మీద ఉండేవి. సాయంత్రాలు పిల్లవాణ్ని బండిలో తోసుకుంటూ ఆ నీలి నక్షత్రం ముందు నుంచే నడిచేవాళ్ళం. ఇవాళ ఆ వీధుల్లో ఎటు నడిచినా తెలుగు వినిపిస్తుంది. 2016లో మీరు ఫ్రిస్కోకు తరలివెళ్ళారు, రెండేళ్ళకు మేమూ వచ్చాము. మీ కోసం వచ్చామని చెబితే బాగుంటుంది కానీ, నిజానికి బడుల కోసం వచ్చాము.

నేను చూసిన మొదటి ప్లేఆఫ్ ఆట 2007 జనవరిలో సియాటిల్‌లో జరిగినది, చివర్లో సులువైన ఫీల్డ్ గోల్ కోసం పట్టుకోవలసిన బంతి టోనీ రోమో చేతుల్లోంచి జారిపోయిన ఆట. ఆ రాత్రి ఆట నియమాలు సగం కూడా అర్థం కాకుండానే నేను ఈ జట్టు మనిషినయ్యాను. అప్పటి నుంచి లెక్క చూసుకుంటే, 1996 జనవరిలో పిట్స్‌బర్గ్ మీద గెలిచిన సూపర్ బౌల్ ఫైనల్ తర్వాత మన జట్టు కనీసం సెమీఫైనల్ లాంటి కాన్ఫరెన్స్ ఫైనల్ గుమ్మం కూడా తొక్కలేదు. 2021, 2022, 2023 సీజన్లలో వరసగా మూడుసార్లు 12 గెలుపులు సాధించి కూడా తొక్కలేదు. నిరుడు 7 గెలుపులు, 10 ఓటములతో ముగించాము. ఆ 10 ఓటముల ఫలితమే ఈ 12వ పిక్.

అమెరికన్ ఫుట్‌బాల్ చూడని తెలుగు పాఠకుల కోసం ఒక్క మాట. ఐపీఎల్‌లో లాగా ఇక్కడ వేలం ఉండదు. కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, క్రితం ఏడాది బాగా ఓడినవాళ్ళది ముందు వంతు, కప్పు గెలిచినవాళ్ళది చివరి వంతు. ఏడు రౌండ్లు జరుగుతాయి. వంతులను డబ్బులాగా ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. మొదటి రౌండులో వచ్చిన కుర్రాడు నాలుగేళ్ళ పాటు, జట్టు కోరుకుంటే అయిదో ఏడు కూడా, నిర్ణయించిన జీతానికే ఆడతాడు. ఈ ఏడాది ప్రతి జట్టూ మొత్తం జీతాలకు ఖర్చు చేయగల పరిమితి 27.92 కోట్ల డాలర్లు. అందులో ఏడాదికి సగటున 6 కోట్ల లెక్కన, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఒక్కరితోనే ఒప్పందం చేసుకున్న జట్టుకు, తక్కువ జీతానికి గొప్పగా ఆడే కుర్రాళ్ళు దొరకడమే బతుకుదెరువు. అందుకే డ్రాఫ్ట్ మనకు పండుగా, పరీక్షా.

ఈ పరీక్షలో మీరు అసమర్థులని నేను అనను. లీగులో మీకంటే బాగా డ్రాఫ్ట్ చేసే జట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, ఆ పేరు విల్ మెక్లే గారికి న్యాయంగా దక్కింది. మీ మంచి ఎంపికలనూ చెడ్డ ఎంపికలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనబడేది ఒకటే. కడుపు నిండి ఉన్నప్పుడు మీరు అద్భుతంగా ఎంచుకున్నారు, ఆకలితో ఉన్నప్పుడు చేతికందినది తీసుకున్నారు. ఆకలి రుచి ఎరుగదని మా పెద్దలు అన్నది అన్నం గురించే అయినా, 26వ పిక్‌కూ అది వర్తిస్తుంది.

2020 చూడండి. కరోనా కారణంగా జెర్రీ గారు తన నౌకలో కూర్చుని డ్రాఫ్ట్ నడిపిన సంవత్సరం అది. జట్టుకు అమారీ కూపర్, మైకేల్ గ్యాలప్ అప్పటికే ఉన్నారు, విసిరిన బంతిని పట్టే రిసీవర్ల విషయంలో ఏ లోటూ లేదు, అందరూ డిఫెన్స్ ఆటగాణ్ని ఊహిస్తున్నారు. 17వ వంతు వచ్చేసరికి సీడీ ల్యాంబ్ ఇంకా మిగిలి ఉన్నాడు. అవసరం లేకపోయినా అతడే మేలైనవాడని తీసుకున్నారు. 2023లో అతడు 135 బంతులు పట్టి 1,749 గజాలు సాధించాడు, జట్టు చరిత్రలో ఒక సీజన్‌లో అంతకు మించినవాడు లేడు. 2021లో మీ మనసు ప్రత్యర్థి రిసీవర్లను కాచే కార్నర్‌బ్యాక్ మీద ఉందని అందరికీ తెలుసు. జేసీ హార్న్ 8వ పిక్‌కు, ప్యాట్రిక్ సర్టెయిన్ 9వ పిక్‌కు వెళ్ళిపోయారు. మీరు కంగారు పడి మూడో కార్నర్‌ను పట్టుకోలేదు. 10వ స్థానాన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చి, 12కు దిగి, మూడో రౌండు పిక్ ఒకటి అదనంగా సంపాదించి, ఆ 12వ స్థానంలో మైకా పార్సన్స్‌ను తెచ్చారు. నాలుగేళ్ళలో 52.5 శాక్‌లు, అంటే బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాలు. ప్రత్యర్థి అయిన ఫిలడెల్ఫియాకు సాయం చేశారని ఆ రాత్రి నేను టీవీ మీద అరిచిన అరుపులకు ఈ సందర్భంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఇక రెండో వైపు. 2017లో డిఫెన్స్ అంచున ఆడే ఎండ్ స్థానంలో ఎవరూ లేరన్న ఆత్రంలో, తమ పద్ధతికి, తమ ఖాళీకి కొలత సరిపోయేవాడి కోసం వెతికి 28వ పిక్‌తో టాకో చార్ల్‌టన్‌ను తీసుకున్నారు. రెండు పిక్‌ల తర్వాత పిట్స్‌బర్గ్ టీజే వాట్‌ను తీసుకుంది. వాట్ 2021లో 22.5 శాక్‌లతో ఒక సీజన్ రికార్డును సమం చేశాడు. చార్ల్‌టన్‌ను 2019 సెప్టెంబరులో మీరే వదిలేశారు. 2023లో మధ్యలో పరుగును ఆపే బరువైన మనిషి లేడని 26వ పిక్‌తో మేజీ స్మిత్‌ను తెచ్చారు. కుర్రాడి మీద నాకు కోపమేమీ లేదు, రెండు సీజన్లు గడిచినా అతడు కుదురుకోలేకపోయాడన్నది మాత్రం నిజం. 2024 జనవరిలో సొంత మైదానంలో గ్రీన్ బే మొదటి సగంలోనే 27-0తో మనల్ని తొక్కి, చివరికి 48-32తో గెలిచిన ఆటలో మధ్యలో ఏమి జరిగిందో మీరూ చూశారు. కొలతకు సరిపోయేవాణ్ని తెచ్చుకుంటే ఖాళీ నిండినట్టు కాగితం మీద కనిపిస్తుంది, అంతే.

ఆకలి ఎక్కడి నుంచి వస్తోందంటే, మార్చి నెల నుంచి వస్తోంది. ఒప్పందం ముగిసిన ఆటగాళ్ళను ఏ జట్టైనా తీసుకోగల ఫ్రీ ఏజెన్సీ తెరుచుకున్నప్పుడు మిగతా జట్లు బజారుకు వెళ్తాయి, మనం తలుపులు వేసుకుని కూర్చుంటాము. 2024 జనవరిలో జెర్రీ గారు ఆల్ ఇన్, అంటే ఉన్నదంతా ఒడ్డుతాం, అన్నారు. ఆ మార్చిలో డెరిక్ హెన్రీ డాలస్ ప్రాంతంలోనే ఉంటూ కూడా బాల్టిమోర్‌కు వెళ్ళిపోయాడు. సెప్టెంబరు 22న ఆ బాల్టిమోర్ ఆర్లింగ్టన్‌కు వచ్చిన రోజున నేను స్టేడియం పై అంతస్తులో కూర్చుని ఉన్నాను. హెన్రీ 151 గజాలు పరుగెత్తి రెండు టచ్‌డౌన్లు చేశాడు. నా పక్కన కూర్చున్న బాల్టిమోర్ అభిమాని, మర్యాదస్తుడు, ఆట ముగిశాక నాకు థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు. దేనికి థాంక్స్ అని నేను అడగలేదు.

ఈ మార్చి కొంచెం నయమన్న మాట ఒప్పుకోవాలి. ఓసా ఓడిగిజువాను నిలబెట్టుకున్నారు, డాంటే ఫౌలర్‌ను వెనక్కి తెచ్చారు, జవాంటే విలియమ్స్, మైల్స్ సాండర్స్ లాంటి చవక బేరాలు నాలుగైదు చేశారు, బఫెలో నుంచి కైర్ ఎలమ్‌ను, టెనెసీ నుంచి కెన్నెత్ మరీని తీసుకొచ్చారు. కానీ పోయినవాళ్ళను కూడా లెక్కపెట్టండి. డెమార్కస్ లారెన్స్ సియాటిల్‌కు, జోర్డన్ లూయిస్ జాక్సన్‌విల్‌కు, నిరుడు 1,079 గజాలు పరుగెత్తిన రికో డౌడల్ కరోలినాకు, బ్రాండన్ కుక్స్ న్యూ ఓర్లీన్స్‌కు వెళ్ళిపోయారు. పదకొండేళ్ళు క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగోడగా నిలిచే లైన్‌లో కుడి గార్డ్ స్థానాన్ని కాపలా కాసిన జాక్ మార్టిన్ ఆట నుంచే విరమించుకున్నాడు. ఈ పూట మన జట్టులో గార్డ్ ఖాళీ, బంతి మోసుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ అనుమానం, రెండో రిసీవర్ అనుమానం, ట్రెవాన్ డిగ్స్ మోకాలి కారణంగా కార్నర్ అనుమానం. నా చేతిలో ఉన్నది 12, 44, 76 అనే మూడు మంచి పిక్‌లు. నాలుగో రౌండు పిక్‌ను నవంబరులోనే జొనాథన్ మింగో కోసం కరోలినాకు ఇచ్చేశారు. నా చేతిలో అన్నాను చూశారా, అభిమాని జబ్బు అదే.

ఇప్పుడు పేరు దగ్గరికి వద్దాం.

2021 శీతాకాలానికి ముందు ఒక శుక్రవారం రాత్రి, మీ భవనానికి ఆనుకుని ఉన్న ఫోర్డ్ సెంటర్‌లో మా అబ్బాయి చదివే బడికీ లోన్ స్టార్ హైస్కూలుకూ ఆట జరిగింది. మా వాడు ఆటగాడు కాడు, బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు, మేము వెళ్ళింది సగం ఆట విరామంలో జరిగే వాద్యం కోసమే. లోన్ స్టార్ తరఫున ఒక పొట్టి కుర్రాడు ఆడుతున్నాడు. మొదటిసారి బంతి అందుకున్నప్పుడు ఎదురుగా వచ్చినవాడు అతణ్ని సరిగ్గా నడుము దగ్గర పట్టుకున్నాడు, పట్టుకున్నవాడే వెనక్కి జారి కింద పడ్డాడు. మా ఊళ్ళో కబడ్డీ ఆడినవాళ్ళకు ఈ విద్య తెలుసు. కూతకు వెళ్ళినవాణ్ని ఒకడు కాలు పట్టి, ఇద్దరు నడుము పట్టి లాగుతున్నా అందరినీ ఈడ్చుకుంటూ వచ్చి వేలి కొసతో గీత తాకేవాడు ఊరికి ఒక్కడు ఉంటాడు. ఆ రాత్రి మా ఆవిడ, ఆటంటే ఏ మాత్రం పట్టని మనిషి, నాచోస్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఆ అబ్బాయి పేరేమిటని నన్ను అడిగింది. అష్టన్ జెంటీ.

నేవీలో పనిచేసే తండ్రి వెంట ఇటలీలోని నేపుల్స్‌లో ఉన్న రోజుల్లో ఫుట్‌బాల్ మొదలుపెట్టి, టెక్సస్‌కు వచ్చి, ఇక్కడి నుంచి బాయిసీ స్టేట్‌కు వెళ్ళిన ఈ కుర్రాడు, నిరుటి సీజన్‌లో 374 సార్లు బంతి మోసి 2,601 గజాలు, 29 టచ్‌డౌన్లు సాధించాడు. 1988లో బ్యారీ సాండర్స్ నెలకొల్పిన 2,628 గజాల రికార్డుకు 27 గజాల దూరంలో ఆగిపోయాడు. బంతి ఆటలోకి రాకముందు చేతులు వేలాడేసి, ఎవరి కోసమో బస్‌స్టాపులో ఎదురుచూస్తున్నట్టు నిటారుగా నిలబడతాడు, బంతి అందిన మరుక్షణం నుంచి అతణ్ని పడగొట్టడానికి ఒకడు చాలడు. బాయిసీ స్టేట్ మీకు అచ్చివచ్చిన బడి కూడా. ఓర్లాండో స్కాండ్రిక్, టైరోన్ క్రాఫర్డ్, డెమార్కస్ లారెన్స్, లేటన్ వాండర్ ఎష్ అందరూ ఆ నీలి మైదానం మీది నుంచే వచ్చారు.

మీ కిటికీలోంచి కనబడే మైదానంలో ఆడి పెరిగిన కుర్రాడు మీ జెర్సీ తొడుక్కుంటే ఈ ఊరు ఎంత సంబరపడుతుందో నాకు తెలుసు. 2023లో 212వ పిక్ సమయంలో స్కౌట్ క్రిస్ వాన్ గారు తన సొంత కొడుకు డ్యూస్‌కు ఫోన్ చేసి ఉద్యోగం ఇచ్చిన దృశ్యం చూసి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఆ మమకారానికి ఆరో రౌండులో చోటుంది. 12వ పిక్ దగ్గర ఆ మమకారానికి చోటు లేదు కనుక, జెంటీని ఊరివాడన్న మాట పక్కన పెట్టి తూచండి. తూచినా కూడా నా లెక్కలో ఈ డ్రాఫ్ట్‌లోని మొదటి అయిదుగురిలో అతడు ఉంటాడు. అందువల్ల 12వ వంతు వచ్చేసరికి అతడు మిగిలి ఉంటే, క్షణం ఆలోచించకుండా ఫోన్ చేయండి.

మిగిలి ఉండకపోతే ఏమిటన్నది అసలు ప్రశ్న. 6వ స్థానంలో లాస్ వేగస్‌కూ 10వ స్థానంలో చికాగోకూ రన్నింగ్ బ్యాక్ కావాలి. పైకి ఎగబాకి అతణ్ని పట్టుకోవాలన్న ఆలోచన మీ గదిలో ఎవరికైనా వస్తే, దయచేసి మీ ఇంట్లోనే పుట్టిన పట్టికను ఒకసారి తీయండి. కోచ్ జిమ్మీ జాన్సన్ కాలంలో ఏ పిక్‌కు ఎంత విలువో అంకెల్లో పెట్టిన పట్టిక అది, లీగంతా తర్వాత దాన్నే అనుసరించింది. అందులో 6వ పిక్ విలువ 1,600, 12వ పిక్ విలువ 1,200. తేడా 400. మన 44వ పిక్ విలువ 460. అంటే జెంటీ కోసం 6కు ఎక్కాలంటే రెండో రౌండును ధారపోయాలి. నాలుగు ఖాళీలున్న జట్టు, నాలుగో రౌండు ముందే అమ్ముకున్న జట్టు, ఆ పని చేయకూడదు. హెర్షెల్ వాకర్ అనే ఒక్క రన్నింగ్ బ్యాక్‌ను 1989లో మినసోటాకు ఇచ్చి, బదులుగా వచ్చిన పిక్‌లతో మూడు సూపర్ బౌల్‌ల జట్టును కట్టినది మీరే. ఆ బేరంలో మినసోటా కూర్చున్న కుర్చీలో మీరు కూర్చోవడం చూడలేను.

జెంటీ దొరకలేదు కదా అని నార్త్ కరోలినా కుర్రాడు ఒమారియన్ హ్యాంప్టన్‌ను 12వ పిక్‌తో తీసుకోవడం మరో పొరపాటు అవుతుంది. నిరుడు 1,660 గజాలు పరుగెత్తిన హ్యాంప్టన్ మంచి ఆటగాడే, కానీ ఈ ఏడాది రన్నింగ్ బ్యాక్‌ల పంట విరగకాసింది. ఒహాయో స్టేట్ నుంచి ట్రెవియన్ హెండర్సన్, క్విన్‌షాన్ జడ్‌కిన్స్, అయోవా నుంచి కేలబ్ జాన్సన్, అరిజోనా స్టేట్ నుంచి క్యామ్ స్కాటబూ, సెంట్రల్ ఫ్లోరిడా నుంచి ఆర్‌జే హార్వీ ఉన్నారు. వీళ్ళలో ఒకరు మనకు 44 దగ్గరో 76 దగ్గరో తప్పక మిగులుతారు. మన చరిత్ర కూడా ఆ మాటే చెబుతుంది. 2014లో 1,845 గజాలతో ఎమ్మిట్ స్మిత్ రికార్డును దాటిన డెమార్కో మరీ 71వ పిక్. టోనీ పోలార్డ్ 128వ పిక్. ఎజికీల్ ఎలియట్‌ను 2016లో 4వ పిక్‌తో తెచ్చారు, మొదటి ఏడాదే 1,631 గజాలతో లీగులో అందరికంటే ముందు నిలిచాడు, ఆ సంగతి మరిచిపోలేదు. అయితే అతడి ముందు దారి తీసిన టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్‌లను కూడా మరిచిపోలేదు. వాళ్ళు ఒక్కొక్కరే తగ్గుతూ పోయినకొద్దీ ఎలియట్ గజాలు కూడా తగ్గుతూ పోయాయి.

అందుకే నా ఓటు లైన్‌కు. టీవీ కెమెరా బంతి వెంట పరుగెడుతుంది కనుక గార్డ్ పని ఎవరికీ కనబడదు. కుడి గార్డ్ తన ఎదుటివాణ్ని ఒక్క అడుగు పక్కకు జరిపినప్పుడు తెరుచుకునే సందే మూడు గజాల పరుగుకూ ముప్పై గజాల పరుగుకూ తేడా. 2014లో జెర్రీ గారి మనసు జానీ మాన్‌జెల్ మీద ఉన్నదనీ, గదిలోని మిగతావాళ్ళు వారించి మార్టిన్ వైపు నడిపించారనీ మీరే తర్వాత చెప్పుకున్నారు. మాన్‌జెల్ రెండు సీజన్లలో లీగు నుంచి కనుమరుగయ్యాడు. మార్టిన్ తొమ్మిదిసార్లు మేటి ఆటగాళ్ళ ప్రో బౌల్‌కు, ఏడుసార్లు ఏడాది అత్యుత్తముల ఆల్ ప్రో మొదటి జట్టుకు ఎంపికయ్యాడు. 2013లో 18 నుంచి 31కి దిగి ఫ్రెడరిక్‌ను తీసుకున్న రోజున దేశమంతా నవ్వింది, ఆ నవ్వు మూడేళ్ళు కూడా నిలవలేదు. మీరు లైన్‌ను నమ్మిన ప్రతిసారీ లైన్ మిమ్మల్ని నమ్మింది అనలేను, నిరుడు 29వ పిక్‌తో వచ్చిన టైలర్ గైటన్ మొదటి ఏడు తడబడ్డాడు. కానీ ఎడమ గార్డ్‌గా టైలర్ స్మిత్, సెంటర్‌గా కూపర్ బీబీ కుదిరారు, వాళ్ళ పక్కన మూడోవాడు పడితే ప్రెస్కాట్ కాళ్ళ ముందు ఒక గోడ లేస్తుంది. నిరుడు అట్లాంటాలో అతడి తొడ కండరం తెగి సీజన్ ముగిసిపోయినప్పటి నుంచి ఆ గోడ సంగతి నా మనసులోంచి పోవడం లేదు.

ఎవరంటే, టెక్సస్ విశ్వవిద్యాలయం కుర్రాడు కెల్విన్ బ్యాంక్స్ జూనియర్ 12 దాకా మిగిలితే నా మొదటి ఎంపిక అతడే. నిరుడు అవుట్‌లాండ్, లంబార్డి పురస్కారాలు రెండూ గెలిచినవాడు. కాలేజీలో ఎడమ ట్యాకిల్‌గా ఆడినా, నోటర్ డేమ్‌లో ట్యాకిల్‌గా ఆడిన మార్టిన్‌ను మీరు గార్డ్‌గా మలిచినట్టు ఇతణ్నీ మలచవచ్చు. అలబామా గార్డ్ టైలర్ బుకర్ గురించి ఊళ్ళో రెండు మాటలు నడుస్తున్నాయి. 6 అడుగుల 5 అంగుళాల ఎత్తు, 321 పౌండ్ల బరువు, చేటంత చేతులు, పట్టుకుంటే వదలని స్వభావం అతడి వైపు. డ్రాఫ్ట్‌కు ముందు జరిగే కంబైన్ పరీక్షలో 40 గజాలు 5.38 సెకన్లలో పరుగెత్తాడన్నది అతడికి వ్యతిరేకం. ఒక గార్డ్ తన జీవితంలో 40 గజాలు ఏకబిగిన ఎప్పుడు పరుగెత్తుతాడో నాకు తెలియదు, బహుశా అవతలివాడు బంతి దొంగిలించినప్పుడు. అయినా 12వ పిక్ అతడికి కొంచెం ముందేమోనన్నది నా సందేహం. నాలుగైదు స్థానాలు కిందికి దిగి తీసుకోగలిగితే ఇంకా మేలు. దిగడానికి బేరగాడు దొరకక అక్కడే తీసుకున్నారనుకోండి, నేను మాత్రం పల్లెత్తు మాట అనను.

రిసీవర్లంటారా. అరిజోనా కుర్రాడు టెటైరోవా మెక్‌మిలన్ నిరుడు 84 బంతులు పట్టి 1,319 గజాలు చేశాడు, ఎత్తు వల్ల గాలిలో బంతి అందుకోవడంలో అతడికి ఎదురు లేదు. మీ జాబితాలో లైన్‌మన్ల కంటే అతడు నిజంగా పైన ఉంటే తీసుకోండి, ల్యాంబ్ విషయంలో చేసింది అదే కదా. మాథ్యూ గోల్డెన్ దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 40 గజాలను 4.29 సెకన్లలో దాటిన కాళ్ళు చూసి ఎవరి మనసైనా చెదురుతుంది, అలా చెదిరిన మనసులతో నిండిపోయింది డ్రాఫ్ట్ చరిత్ర. కార్నర్‌బ్యాక్ జడే బ్యారన్, టెక్సస్ నుంచి థోర్ప్ పురస్కారం గెలిచినవాడు, నాకు చాలా ఇష్టమైన ఆటగాడు. ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌ల కోసం జట్లు ఎగబడి మంచివాళ్ళు కిందికి జారే రాత్రి అయితే అతణ్ని గుర్తుంచుకోండి.

మైకా పార్సన్స్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. డ్రాఫ్ట్‌లో మీరు చేసిన మంచి పనికి విలువ నాలుగేళ్ళ తర్వాత ఆ కుర్రాణ్ని నిలబెట్టుకున్నప్పుడే దక్కుతుంది. నిరుడు ల్యాంబ్ ఒప్పందం ఆగస్టు 26న, ప్రెస్కాట్ ఒప్పందం సెప్టెంబరు 8న మొదటి ఆటకు కొన్ని గంటల ముందు కుదిరాయి. ఆలస్యమైన కొద్దీ ధర పెరిగింది, ల్యాంబ్ సాధనకు కూడా రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఈ అలవాటు పార్సన్స్ విషయంలో మళ్ళీ కనబడుతోంది. గురువారంలోగా ఆ సంతకం జరిగితే, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్ళే పాస్ రషర్ ఇంకొకడు కావాలేమోనన్న అనుమానం పీకకుండా మీరు హాయిగా బోర్డు వైపు చూడగలుగుతారు.

మీ నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. ఈ ఖాళీలన్నీ గురువారంలోగా నింపుకోవడం ఎలాగూ కుదరదు. ఆ పది నిమిషాల గడియారం మొదలైనప్పుడు, గదిలో గోడ మీద ఉన్న రెండు జాబితాల్లో, అంటే మనకు ఎవరు లేరు అన్న జాబితా, ఎవరు ఎంత గొప్ప అన్న జాబితా, ఆ రెంటిలో రెండోదాన్నే చూడండి. రెండూ ఒకే మనిషిని చూపిస్తే మన అదృష్టం. మొదటిదాన్ని వచ్చే మార్చిలో తీయండి, అప్పుడు మీ చేతుల్లో డబ్బుంటుంది, నెల రోజుల వ్యవధి ఉంటుంది.

గురువారం రాత్రి మా ఇంట్లో వ్యాలీ రాంచ్ నాటి మిత్రులు మూడు కుటుంబాలు కూడుతున్నాము. జెంటీ 12 దాకా మిగులుతాడని మా అబ్బాయి పందెం, మిగలడు, లైన్‌మన్ వస్తాడని నా పందెం. ఓడినవాళ్ళు శనివారం గిన్నెలన్నీ తోమాలి. ఆ రోజు నాలుగో రౌండు జరుగుతున్నంతసేపూ మనకు పిక్ లేదు కనుక తీరిక బాగానే ఉంటుంది.

ఇట్లు,
ఫ్రిస్కో నుంచి ఒక అభిమాని